చప్పటి నీళ్ళు

నీళ్ళు మరగబోయే ముందు సన్నగా కూనిరాగం తీస్తాయి. ఆ సంగతి నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. బాపట్లలో మా ఇంట్లో నీళ్ళు కాచేది స్నానాలకే, పెరట్లో రాగి కాగులో. దాని పక్కన కూర్చుని వినే తీరిక ఎవరికుంది? ఇక్కడ స్టవ్వు ముందు పీట వేసుకుని మరీ వినేదాన్ని. ముందు గుండిగ అడుగున ముత్యాల్లాంటి బుడగలు అంటుకుంటాయి. తర్వాత రాగం. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కాసేపు మౌనం. ఆ తర్వాత ఒక్కసారిగా తెర్లుతాయి. తెర్లడం మొదలయ్యాక పది నిమిషాలు గడియారం చూసి దించాలని ఇంట్లో అందరికీ చెప్పింది నేనే. బీయస్సీలో జువాలజీ చదివాను. కలరా క్రిమిని మైక్రోస్కోపులో చూసి, కామా గుర్తులా వంకర తిరిగిన దాని బొమ్మ రికార్డులో గీసి, మేడం చేత 'వెరీ గుడ్' రాయించుకున్నదాన్ని.

మా పెళ్ళి రైళ్ళ సమ్మెకి పది రోజుల ముందు జరిగింది. మా ఆయన రామ్మోహనరావు లింగంపల్లి దగ్గర ఒక కార్ఖానాలో ఇంజనీరు. కార్ఖానా కాలనీలోనే రెండు గదుల క్వార్టరు, వంటిల్లు, వెనక చిన్న పెరడు, పెరట్లో కుళాయి, కుళాయి అవతల ముళ్ళకంచె. కంచెకి అటువైపు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండరాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, ఆ పైన జొన్నచేలు. ఆ గట్ల మీదుగా రాయదుర్గం నుంచి ఆడవాళ్ళు ఆకుకూరల గంపలతో నడిచొచ్చేవాళ్ళు. మామగారు సీతారామయ్యగారు, అత్తగారు పుణ్యవతిగారు మాతోనే ఉంటారు. నాకన్నీ ముద్దుగానే ఉండేవి. రేషన్ కార్డులో నా పేరు ఎక్కడం, ఆయన చొక్కా గుండీ నేను కుట్టడం, సాయంత్రం కార్ఖానా సైరన్ మోగగానే నా గుండె ఒక్కసారి ఎగిరి పడటం. సైరన్‌కి గుండె ఎగిరిపడేది ఈ కాలనీలో నాకొక్కదానికేనని పక్క క్వార్టరు కనకలక్ష్మక్క నవ్వేది.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆ నెల పుట్టింటికి పోవాలి. మొహం వేలాడేసుకుని పెట్టె సర్దుకున్నాను. ప్రయాణం రెండు రోజులుందనగా బి బ్లాకులో ఇద్దరిని అంటురోగాల వాళ్ళని పెట్టే కోరంటి దవాఖానకి తీసుకెళ్ళారు. ఇక్కడి వాళ్ళు కలరాని గత్తర అంటారు. సూదిమందు వేయించుకోకుండా ప్రయాణం వద్దన్నారు డిస్పెన్సరీలో. కార్ఖానాలో పనిచేసే వాళ్ళకి వేసి, ఇంట్లో వాళ్ళ దాకా వచ్చేసరికి ఆ మందు అయిపోయింది. అలా నా ప్రయాణం ఆగిపోయింది. గత్తర వచ్చినందుకు లోలోపల సంతోషించిన మనిషిని ఆ కాలనీ మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అయితే ఆషాఢంలో అత్తా కోడళ్ళు ఒకే గడప దాటకూడదు కదా. ఆ చిక్కు అత్తగారే విప్పారు.

"గడప ఒకటైతేగా బాధ? మనకి గుమ్మాలు రెండున్నాయి. వీధి గుమ్మం నాది, పెరటి గుమ్మం నీది. నెల పోయేదాకా నువ్వటు, నేనిటు."

నాకొక సొంత గుమ్మం దొరికిందని మురిసిపోయాను. ముందు గదిలోకి పోవడం తగ్గించి వంటింట్లో, పెరట్లో ఉండిపోయాను. పని ఉన్నది ఎలాగూ అక్కడే.

గత్తర కబురు తెలిసిన రోజు మధ్యాహ్నానికల్లా కాలనీ స్టోరు ఊడ్చినట్టయింది. ఉల్లిపాయ నడుముకి కట్టుకుంటే గత్తర రాదని ఎవరో అన్నారు, ఉల్లిపాయలు పోయాయి. నిమ్మకాయలు, ఉప్పు, పంచదార, అగ్గిపెట్టెలు పోయాయి. లింగంపల్లి బజారులోనూ అంతేనన్నారు. కనకలక్ష్మక్క చీర కుచ్చిళ్ళు చెదిరిపోయి, ఎనిమిది పొట్లాల సగ్గుబియ్యంతో వచ్చి మా పెరటి మెట్టు మీద కూలబడింది.

"ఇవెందుకక్కా?"

"ఏమో చెల్లె! అందరు కొంటున్నరు, నేను గూడ కొన్న. గత్తరకు సగ్గుబియ్యం మంచిదా? నువ్వు సదువుకున్నవు గద, జర చెప్పు."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

ఆ సాయంత్రం ఆయన రిక్షాలో వచ్చారు. కాళ్ళ దగ్గర రెండు డబ్బాల కిరసనాయిలు, ఇక్కడి వాళ్ళ మాటలో గ్యాస్‌నూనె, మూతలకి సీలు కూడా తీయనివి. ఒళ్ళో ఉప్పు బస్తా, పక్కన ఉల్లిపాయల బస్తా. జేబులో, వాసన అంటకుండా ఆకులో చుట్టిన మల్లెపూలు. యుద్ధం గెలిచి వచ్చినట్టుంది ఆ మొహం. "చూశావా రత్నా! సిటీ అంతా తిరిగాను. కాలనీ మొత్తంలో ఎవరింట్లోనూ రెండు డబ్బాలు లేవు." నేను మల్లెపూలు చూశాను. మామగారు డబ్బాలు చూశారు.

"ఇవి ముందు గదిలో నా మంచం కింద పెట్టండి. ఎవరూ ముట్టుకోకూడదు. ముందు ముందు రోజులెలా ఉంటాయో. కార్డు మీద వచ్చే దాంట్లోంచి రోజుకో సీసా. అమ్మాయ్, దాంతోనే వంటా, కాఫీలూ, కాచే నీళ్ళూ."

రోజుకో సీసా అంటే నాకు ప్రాక్టికల్ పరీక్షలో ఇచ్చిన లెక్కలా అనిపించింది. సరదాగా చేశాను. పప్పు ముందే నానబెడితే అరగంట మిగిలేది. అన్నం వార్చి మూతపెట్టి స్టవ్వు ఆపేస్తే అదే మగ్గేది. మిగిల్చిన నూనెతో ఒక గుండిగ నీళ్ళు. దించి, చల్లార్చి, పల్చటి గుడ్డతో వడకట్టి పంచేదాన్ని. ఆయనకి కార్ఖానాకి మరచెంబు నిండా. మామగారికి రెండు చెంబులు, అత్తగారికి రెండు. సాయంత్రం ఆయన వచ్చాక రెండు. సరిగ్గా సరిపోయేది. ఎంత చక్కగా లెక్క కుదిరిందో అని నాకు నేనే మార్కులు వేసుకునేదాన్ని. పైగా సాయంత్రం మూత తీసేసరికి నేననుకున్న దానికంటే రెండు చెంబులు ఎక్కువే కనిపించేవి. అక్షయపాత్ర అనుకుని నవ్వుకుని, అవి కూడా ఆయనకే పోసేదాన్ని.

"చప్పగా ఉంటున్నాయమ్మాయ్ ఈ నీళ్ళు" అనేవారు మామగారు. మరిగితే నీళ్ళలో కరిగిన గాలి పోతుందని, అందుకే రుచి ఉండదని నేను వివరించేదాన్ని. "అవునవును, చప్పగానే ఉంటాయి" అనేవారు అత్తగారు లోపలి గదిలోంచి.

అంట్లు తోమడం, బట్టలు ఉతకడం అయ్యాక కుళాయి కింద దోసిలి పట్టేదాన్ని. నీళ్ళు మోచేతుల దాకా చల్లగా కారేవి. ఈ ఊరి నీళ్ళలో బండరాతి తీపేదో ఉంది. కళ్ళు మూసుకుని తాగేదాన్ని. రోజు మొత్తంలో అదొక్కటే నాకు నేను ఇచ్చుకున్న పండగ.

మొదటి వారంలో హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఎల్లేశంగారు పెద్ద రిజిస్టరుతో పెరటివైపు వచ్చారు. "ఇంట్ల ఎంతమంది మేడమ్? అందరు కాచిన నీళ్ళే తాగుతున్నరా?"

"అందరమూ కాచినవేనండీ" అన్నాను గర్వంగా. ఊరుకోక కామా ఆకారం క్రిమి సంగతి, పది నిమిషాల సంగతి చెప్పాను. ఆయన రాయడం ఆపి విన్నారు.

"శానా మంచిగ చెప్పిన్రు. గీ లైన్లున్న ఆడోళ్ళకు గూడ జర చెప్పుండ్రి. మేం చెప్తె ఇంటలేరు."

చెప్పాను. పన్నెండు పెరళ్ళు తిరిగి చెప్పాను. అందరూ కాయడం మొదలుపెట్టారు. అందరికీ కిరసనాయిలు కొరతే. అయినా ఎలాగో సర్దుకుంటున్నామన్నారు. "మీ బావకు, పిల్లలిద్దరికి బరాబర్ సరిపోతున్నయి చెల్లె" అంది కనకలక్ష్మక్క. "భలే" అన్నాను.

గత్తర మాత్రం తగ్గలేదు. స్టోరు గోడ మీద జబ్బు పడిన వాళ్ళ జాబితా అంటించేవాళ్ళు. అందులో పేర్లు ఉండవు. క్వార్టరు నంబరు, ఆ ఇంటాయనకి ఏమవుతారో అది. బి ఏడు, భార్య. బి పంతొమ్మిది, తల్లి. సి నాలుగు, భార్య. సి తొమ్మిది, కోడలు. మూడో వారానికి తొమ్మిదిమంది అయ్యారు. వాళ్ళలో మగవాడు ఒక్కడే. ఆఫీసులో పెద్దలు కూర్చుని ఆలోచించి కారణం కనిపెట్టారు. ఆడవాళ్ళు కంచె దగ్గర ఊరి ఆడవాళ్ళతో బేరాలాడుతున్నారు, రోగం గంపల్లో వస్తోంది. ఆ రోజు నుంచి గేటు దగ్గర ఊరివాళ్ళని ఆపేశారు. కూరలు లేవు, పెరుగు లేదు, పాలు సగమయ్యాయి. రోజూ పప్పు, ఆవకాయ. మంచం కింద ఉల్లిపాయల బస్తా ఉందిగానీ అది కూడా ముందు ముందు రోజుల కోసమే.

"మీ ఆడవాళ్ళకి కంచె దగ్గర కబుర్లు తగ్గితే రోగం అదే తగ్గుతుంది" అన్నారు ఆయన నవ్వుతూ, అన్నం కలుపుకుంటూ. నేనూ నవ్వాను. ఆయన ఏమన్నా నాకు నవ్వొచ్చే రోజులవి.

మర్నాడు పొద్దున్నే కనకలక్ష్మక్కని తీసుకెళ్ళారు. ఆమె కళ్ళు గుంటలు పడ్డాయి, చేతులు నీళ్ళలో నానినట్టు ముడతలు పడ్డాయి. వాళ్ళాయన లింగమూర్తిగారు వ్యాను పక్కన పరుగెడుతూ కనబడిన వాళ్ళందరికీ అదే చెబుతున్నారు. "మా ఇంట్ల అందరం కాచిన నీళ్ళే తాగుతున్నమండి. ఒక్క చుక్క పచ్చి నీళ్ళు ముట్టలేదు." సాయంత్రానికి గోడ మీద ఇంకో గీత చేరింది. సి పన్నెండు, భార్య.

ఆ మధ్యాహ్నం అంట్లు తోముతుంటే కంచె అవతల పొదలు కదిలాయి. నీలమ్మ. రాయదుర్గం నుంచి రోజూ మాకు తోటకూర తెచ్చే మనిషి. గేటు దగ్గర ఆపేస్తే బండరాళ్ళ వెంట చుట్టు తిరిగి వచ్చింది.

"తీస్కో అమ్మా, మూడు కట్టలు. గేటు కాడ నిలవడి నిలవడి వాడిపోయినయి."

"రాకూడదు నీలమ్మా. చూశారంటే గొడవ."

"ఏం గొడవ? మా ఊర్లె ఒక్కలకు గూడ గత్తర గాలే. మీ కాలనీల అయితె మమ్ములనెందుకు ఆపుతరు? మేమే మీకు భయపడాలె."

నేను పాఠం మొదలుపెట్టాను. మీ ఊళ్ళో కూడా నీళ్ళు కాచుకుని తాగండి అన్నాను.

"కాస్తనే ఉన్నం. గ్యాస్‌నూనె మీరంత కొనుక్కపోతిరి. మేం పుల్లలేరుకొచ్చి కాస్తున్నం. ముసలోనికి, పోరగాండ్లకు, నాకు, అందరికి అవే."

నేను తల ఊపి, తోటకూర పక్కన పెట్టి, చేతులు కడుక్కున్నాను. కుళాయి కింద దోసిలి పట్టి తాగాను. తల ఎత్తేసరికి నీలమ్మ నన్నే చూస్తోంది.

"ఏందమ్మా గది?"

"ఏది?"

"నాకు కాచిన నీళ్ళు తాగుమని చెప్తివి. నువ్వేమో నల్లా నీళ్ళు తాగవడ్తివి."

"నాకేం కాదులే."

"మీ అత్త తాగొద్దన్నదా?"

"అయ్యో, లేదు. పాపం ఆవిడ ఏమీ అనలేదు."

"మీ ఆయన?"

"ఎవరూ అనలేదు నీలమ్మా. గుండిగెడే కదా, అందరికీ సరిపోవాలని..." అని, ఆ 'అందరికీ' దగ్గర ఆగిపోయాను.

నీలమ్మ గంప ఎత్తుకుంది. "మా అత్త బతికున్నప్పుడు నన్ను సక్కగ తిననియ్యకపోయేది. కొట్లాడి తింటి. నిన్ను ఎవ్వలు వద్దనకున్నా తాగవైతివి. సదువుకున్నోళ్ళది గిట్లనే ఉంటదా ఏంది?" వెటకారంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. అడిగి, రాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది.

తడి చేతులు అలాగే పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. భయం వేయలేదు, ఆశ్చర్యం వేసింది. లెక్క మళ్ళీ వేశాను. ఆయనకి మరచెంబు, మామగారికి రెండు, అత్తగారికి రెండు, సాయంత్రం ఆయనకి రెండు. ఇరవై రోజులుగా వేస్తున్న లెక్క. పరీక్షలో ఎప్పుడూ ఒక్క అంకె తప్పనిదాన్ని. నలుగురున్న ఇంట్లో ముగ్గురికి పంచి, సరిగ్గా సరిపోయిందని మార్కులు వేసుకున్నాను. క్రిమి బొమ్మ గీసిన చేతుల్తోనే దోసిలి పట్టాను. ఎవరైనా వద్దని ఉంటే బాగుండేది, నీలమ్మలా పోట్లాడి తాగేదాన్నేమో. మా అమ్మ కూడా అంతే, పాయసం చేసిన రోజు అందరికీ వడ్డించి, గిన్నె కడిగిన నీళ్ళు తీయగా ఉన్నాయని తాగేది. చిన్నప్పుడు అది చూసి, అమ్మకి అదే ఇష్టమనుకునేదాన్ని.

కంచె వెంట చూశాను. పన్నెండు పెరళ్ళు, పన్నెండు కుళాయిలు. "మీ బావకు, పిల్లలిద్దరికి బరాబర్." ఆ మాట నాతోనే అంది. నేను భలే అన్నాను. రోగం గంపల్లో రావడం లేదు. ఈ పన్నెండు పెరళ్ళలో నేను నేర్పిన లెక్కే జరుగుతోంది.

సాయంత్రం ఆయన చెంబు ఎత్తి తాగుతుంటే అడిగాను. "నేను ఏ నీళ్ళు తాగుతున్నానో మీకు తెలుసా?"

"అదేం ప్రశ్న? కాచినవే. కాచేదే నువ్వాయె."

"నేను తాగడం ఎప్పుడైనా చూశారా?"

ఆయన ప్రేమగానే నా వైపు చూశారు. "నువ్వెప్పుడు తాగుతావో, ఎప్పుడు తింటావో నాకెలా తెలుస్తుంది రత్నా? వంటింట్లో ఉంటావుగా" అన్నారు. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఆదివారం పొద్దున ఎల్లేశంగారు మళ్ళీ వచ్చారు. ఈసారి వీధి గుమ్మం వైపు. మామగారు కుర్చీ వేయించారు. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. అత్తగారు వీధి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను.

"పన్నెండుల గూడ గత్తర అయ్యె సారూ. మీ పక్కిల్లే. పైనుంచి ఒకటే పరేషాన్. మీ ఇంట్ల నలుగురు గద. అందరు కాచినవే?"

"అందరమూ. మా కోడలు ఆ విషయంలో మహా గట్టిది" అన్నారు మామగారు.

ఎల్లేశంగారు కలం కాగితం మీద పెట్టారు.

"లేదండీ" అన్నాను. "ముగ్గురే."

మా ఆయన చప్పున లేచారు, పేపరు కింద పడింది. "ఏం మాట్లాడుతున్నావు రత్నా?"

"నేను కుళాయి నీళ్ళు తాగుతున్నాను. మూడు వారాలుగా."

"ఎవరు తాగమన్నారు నిన్ను?"

"ఎవరూ తాగమనలేదు."

మామగారి మొహం ఎర్రబడింది. "బయటి మనిషి ముందు ఏమిటమ్మా ఇది? ఇంట్లో నీకు మంచినీళ్ళు కూడా ఇవ్వనట్టు! నువ్వే కాస్తావు, నువ్వే పంచుతావు. నీ చెంబు నువ్వు తీసుకుంటే వద్దన్నవాళ్ళెవరు?"

"ఎవరూ లేరు మామయ్యగారూ. అందుకే చెబుతున్నాను. ఎల్లేశంగారూ, పక్కింట్లో కనకలక్ష్మక్క కూడా ఇలాగే తాగి ఉంటుంది. జాబితాలో ఉన్న ఇళ్ళన్నిటికీ వెళ్ళండి. వీధి గుమ్మంలో అడగొద్దు, పెరటి గుమ్మంలో అడగండి. ఇంట్లో అందరూ కాచినవి తాగుతున్నారా అని కాదు. నువ్వు తాగుతున్నావా అని ఒక్కొక్కరినే అడగండి."

ఆయన రిజిస్టరు తిప్పి గడులు చూసుకున్నారు. "ఇంటికి ఒకటే ఖానా ఉన్నది మేడమ్. ఔను, కాదు. సరే, ముగ్గురని పక్కన రాసుకుంట."

"ఇద్దరని రాయండి."

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. అత్తగారు నేల చూస్తున్నారు.

"నా చెంబులు నేను మళ్ళీ గుండిగలో పోసేస్తున్నాను. అబ్బాయి ఎండన పడి వస్తాడు, చాలుతాయో చాలవో అని. నాకు అలవాటేగా పచ్చినీళ్ళు."

సాయంత్రం పూట మూత తీస్తే కనిపించే ఆ ఎక్కువ నీళ్ళు. అక్షయపాత్ర. నేను నవ్వుకున్న నవ్వు గుర్తొచ్చింది.

నేను ముందు గది గడప దాటి లోపలికి వెళ్ళాను. అత్తగారు రోజూ దాటే గడపే అది. మంచం కిందకి వంగి ఒక డబ్బా బయటికి లాగాను. బరువుగా ఉంది, గచ్చు మీద కీచుమంది.

"అది అవసరానికి దాచిందమ్మాయ్" అన్నారు మామగారు. గొంతులో ఇందాకటి బలం లేదు. ఆయన కుర్చీలోంచి లేవబోయి, ఎందుకో మళ్ళీ కూర్చున్నారు.

అత్తగారు వచ్చి డబ్బా రెండో వైపు పట్టుకున్నారు. ఇద్దరం కలిసి ఒకే గడప దాటి వంటింట్లోకి మోశాం. ఆషాఢం ఇంకా ఆరు రోజులుంది. ఆవిడకి గుర్తు లేదో, ఉండీ ఊరుకున్నారో నేను అడగలేదు.

సీలు విప్పి స్టవ్వు నిండా పోశాను. రెండు గుండిగలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. ముత్యాలు, రాగం, మౌనం. గడియారం చూసి దించాను. చల్లారాక రెండు గ్లాసులు నింపి, ఒకటి అత్తగారికిచ్చి, ఒకటి నేను తీసుకున్నాను. మగవాళ్ళు ముందు గదిలో ఉన్నారు. వాళ్ళ చెంబులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. నేను పీట వేసుకుని కూర్చుని తాగాను. మూడు వారాలుగా నేను కాచిన నీళ్ళు, నేను మొదటిసారి తాగడం.

అత్తగారు ఒక గుక్క తాగి, నోట్లో అలాగే ఉంచుకుని, మెల్లగా మింగారు. గ్లాసులోకి చూశారు.

"ఇలా ఉంటాయా?" అన్నారు.